గురి ఎడమకు... బంతి కుడికి

గోల్ఫ్ మొదలుపెట్టిన వాళ్లందరినీ కొన్నాళ్లు ఏడిపించి, కొందరిని జీవితాంతం వదలని జబ్బు ఒకటుంది. టీ మీద బంతి పెడతారు. డ్రైవర్ ఎత్తి ఒంట్లో ఉన్న శక్తంతా కూడగట్టి కొడతారు. బంతి బుద్ధిగానే బయల్దేరుతుంది. వంద గజాలు దాటాక కుడికి మళ్లడం మొదలుపెడుతుంది. ఫెయిర్‌వే దాటి, రఫ్ దాటి చెట్లలోకి పోతుంది, లేదంటే పక్క హోల్ ఆడుకుంటున్న వాళ్ల నెత్తి మీదికి. ‘ఫోర్!’ అని కేక పెట్టడం తప్ప ఇక చేయగలిగింది ఉండదు. దీని పేరే స్లైస్.

తర్వాతి టీ దగ్గర ఆ పెద్దమనిషి కాస్త ఎడమకు తిరిగి నిలబడతాడు. బంతి కుడికి పోతోంది కాబట్టి ఎడమకు గురిపెడితే సరిపోతుందని లెక్క. ఈసారి వంపు ఇంకా పెద్దదవుతుంది. మరికాస్త ఎడమకు తిరుగుతాడు. ఆట సగమయ్యేసరికి అతని పాదాలు క్లబ్‌హౌస్ వైపు చూస్తుంటాయి. బంతి మాత్రం కుడివైపు పొదల్లోనే ఉంటుంది.

ఎడమకు గురిపెట్టడం మూర్ఖత్వమేమీ కాదు, ఎవరికైనా తోచే పనే. చిక్కల్లా ఆ తోచిన పనే జబ్బును పెంచడం. గోల్ఫ్ బంతి విషయంలో ఇంగితజ్ఞానం తిరగబడి పనిచేస్తుంది. ఈ సంగతి చాలామంది ఆటగాళ్లకే కాదు, నేర్పే గురువులకూ దశాబ్దాల పాటు సరిగ్గా అంతుపట్టలేదు.

ముందు పేర్లు చెప్పుకుందాం. కుడిచేతి వాటం వాళ్లకు బంతి బాగా కుడికి తిరిగితే స్లైస్, బాగా ఎడమకు తిరిగితే హుక్. అదే వంపు కొద్దిగా, చెప్పిన మాట వినేంతగా ఉంటే కుడికి తిరిగేది ఫేడ్, ఎడమకు తిరిగేది డ్రా. ఎడమచేతి వాటం వాళ్లు ఈ కథనం మొత్తాన్ని అద్దంలో చూసినట్టు తిప్పి చదువుకోవాలి. వాళ్లకు ఈ అవస్థ అలవాటే.

వంచిన తుపాకీ

గాలిలో బంతి ఎందుకు వంపు తిరుగుతుందన్న ప్రశ్న గోల్ఫ్ మైదానంలో పుట్టింది కాదు. వాలుగా పట్టిన రాకెట్‌తో కొట్టిన టెన్నిస్ బంతి వంకరగా పోవడం తాను చాలాసార్లు చూశానని 1672లో వెలుగు, రంగుల గురించి రాసిన ఉత్తరంలోనే న్యూటన్ ప్రస్తావించాడు. దాన్ని పట్టుకుని పరీక్షకు పెట్టినవాడు బెంజమిన్ రాబిన్స్ అనే ఇంగ్లిష్ గణితజ్ఞుడు. ఫిరంగి, తుపాకీ గుండ్ల గమనం మీద 1742లో పేరుపొందిన పుస్తకం రాశాడు. గుండ్లు గురి తప్పి పక్కలకు పోవడానికి అవి గిర్రున తిరుగుతూ వెళ్లడమే కారణమని ఆయన నమ్మకం.

నమ్మకాన్ని రుజువు చేయడానికి ఆయన చేసిన ప్రయోగం చూస్తే స్లైస్ కొట్టే ప్రతివాడికీ తన ముఖం తనకు కనిపిస్తుంది. తుపాకీ గొట్టం కొసను కొద్దిగా ఎడమకు వంచి, ఎదురుగా పల్చటి కాగితపు తెరలు వరుసగా కట్టి పేల్చాడు. గుండు మొదట ఎడమకే వెళ్లింది. కాస్త దూరం పోయాక కుడికి తిరిగి, తిన్నగా పోవాల్సిన దారిని అడ్డంగా దాటి కుడివైపు తేలింది. వంగిన గొట్టంలో గుండు కుడి గోడను ఒరుసుకుంటూ దొర్లుకొచ్చింది. ఆ దొర్లుడు దానికి పక్కవాటు తిరుగుడు అంటించింది. ఎడమకు గురిపెడితే కుడికి పోవడమన్నది అప్పుడే కాగితం మీద చిల్లులుగా నమోదైపోయింది. అయినా ఆయిలర్ అంతటి గణితజ్ఞుడు ఈ వాదన ఒప్పుకోలేదు, గుండ్లు సరిగ్గా గుండ్రంగా లేకపోవడమే కారణమన్నాడు. రాబిన్స్ 1750లో ఈస్టిండియా కంపెనీ తరఫున కోటలు బాగుచేయించడానికి మద్రాసు తీరానికి వచ్చాడు. మరుసటేడు కడలూరు దగ్గరి సెయింట్ డేవిడ్ కోటలో జ్వరంతో పోయాడు. పేరు కూడా ఆయనకు దక్కలేదు. 1852లో ప్రయోగాలు చేసిన జర్మన్ శాస్త్రవేత్త గుస్తావ్ మాగ్నస్ పేరు మీద ఇప్పుడు దాన్ని మాగ్నస్ ప్రభావం అంటున్నాం.

సంగతి క్లుప్తంగా ఇదీ. తిరుగుతున్న బంతి తనను ఆనుకున్న గాలిని తనతో పాటు లాక్కుపోయి, వెనకాల ఒక పక్కకు విసురుతుంది. గాలిని ఆ పక్కకు తోసినందుకు ప్రతిగా గాలి బంతిని ఈ పక్కకు తోస్తుంది. 1997లో ఫ్రాన్స్ మీద బ్రెజిల్ ఆటగాడు రాబర్టో కార్లోస్ కొట్టిన ఫ్రీకిక్ గోడ కట్టిన ఆటగాళ్లను చుట్టేసి గోల్‌లోకి రావడం వెనక ఉన్నదీ ఇదే.

గోల్ఫ్‌లోకి దీన్ని తెచ్చిన ఘనత ఎడిన్‌బరో భౌతిక శాస్త్రవేత్త పీటర్ గత్రీ టెయిట్‌ది. ఆయనకు ఆట పిచ్చి. కొడుకు ఫ్రెడీ టెయిట్ ఇంకా పెద్ద ఆటగాడు, 1896లోనూ 1898లోనూ బ్రిటిష్ అమెచ్యూర్ ఛాంపియన్. బంతి తిరగడమంటేనే తప్పు, తిరిగితే పక్కకు పోతుంది అని అప్పటి ఆటగాళ్ల లెక్క. అయితే మంచి డ్రైవ్ గాలిలో ఉండాల్సిన దానికంటే ఎక్కువసేపు ఎందుకుంటోందని తండ్రికి అనుమానం వచ్చింది. బంతికి పొడవాటి టేపు కట్టి, కొట్టి, దానికి పడిన మెలికలు లెక్కపెట్టాడు. బంతి వెనక్కి తిరుగుతూ పోతోందని, ఆ వెనుదిరుగుడే దాన్ని గాలిలో మోస్తోందని తేలింది. అంటే పైకి లేపేదీ, పక్కకు లాగేదీ ఒకటే బలం. తిరిగే ఇరుసు నేలకు సమాంతరంగా ఉంటే బంతి లేస్తుంది, ఆ ఇరుసు ఒక పక్కకు ఒరిగితే బంతీ ఆ పక్కకే ఒరుగుతుంది. బ్యాక్‌స్పిన్ వేరు, సైడ్‌స్పిన్ వేరు అని టీవీ వ్యాఖ్యాతలు ఇప్పటికీ అంటుంటారు కానీ బంతికి తెలిసింది ఒకే తిరుగుడు. కొడుకు 1900లో దక్షిణాఫ్రికాలో బోయర్ యుద్ధంలో చనిపోయాడు, తండ్రి ఆ మరుసటేడు. ఎలక్ట్రాన్‌ను కనిపెట్టిన జె.జె. థామ్సన్ సైతం 1910లో లండన్ రాయల్ ఇన్‌స్టిట్యూషన్‌లో గోల్ఫ్ బంతి గమనం మీద ఉపన్యాసమిచ్చాడు. అయస్కాంతాలతో ఎలక్ట్రాన్ల ధారను వంచి, స్లైస్ ఇలా ఉంటుందని సభకు చూపించాడు.

సెకనులో 2000వ వంతు

బంతికి ఆ తిరుగుడు అంటేది క్లబ్ తగిలినప్పుడే. ఆ తాకిడి సెకనులో సుమారు 2000వ వంతు ఉంటుంది. అందులో క్లబ్ తల కదిలేది రెండు సెంటీమీటర్ల లోపే. బంతి తగిలిందని చేతికి తెలిసేలోపే అది వెళ్లిపోయి ఉంటుంది. కాబట్టి తగిలాక మణికట్టు తిప్పి బంతిని దారిలో పెడతాననేది కుదిరే పని కాదు.

ఆ క్షణంలో రెండు దిక్కులు ముఖ్యం. క్లబ్ తల ముందు పలకను ఫేస్ అంటారు. అది ఎటు చూస్తోందన్నది ఒకటి, క్లబ్ తల ఏ దారిన కదులుతోందన్నది రెండోది. ఈ రెండూ ఒకటే అనుకోవడం దగ్గరే తికమక మొదలవుతుంది. ఫేస్ ఒక దిక్కు చూస్తూ తల ఇంకో దిక్కుకు పోవచ్చు. చాలామంది స్వింగ్‌లో జరిగేదదే.

పాత పాఠం ఏం చెప్పిందంటే, బంతి స్వింగ్ దారిలో బయల్దేరుతుంది, తర్వాత ఫేస్ చూస్తున్న వైపు తిరుగుతుంది. కొన్ని తరాలు ఇలాగే నేర్చుకున్నాయి. నిజం దాదాపు తలకిందులు. డ్రైవర్‌తో కొట్టినప్పుడు బంతి బయల్దేరే దిక్కును 80 నుంచి 85 శాతం దాకా ఫేసే నిర్ణయిస్తుంది. దారి వంతు మిగిలిన కొద్దిపాటే. ఆ తర్వాత వంపు ఎంతన్నది ఫేస్‌కూ దారికీ మధ్య ఎడం మీద ఆధారపడుతుంది. దారితో పోలిస్తే ఫేస్ కుడికి తెరుచుకుని ఉంటే బంతి కుడికి తిరుగుతుంది, ఎడమకు మూసుకుని ఉంటే ఎడమకు. బ్రిటన్‌లో కాక్రన్, స్టాబ్స్ చేసిన పరిశోధన 1968లో పుస్తకంగా వచ్చేనాటికే ఈ లెక్క ఉంది. పట్టించుకున్నవాళ్లు తక్కువ. 2003లో డెన్మార్క్‌లో మొదలైన ట్రాక్‌మ్యాన్ కంపెనీ రాడార్ యంత్రాలు రేంజ్‌లకు వచ్చి, ప్రతి దెబ్బకూ ఫేస్ ఇన్ని డిగ్రీలు, దారి ఇన్ని డిగ్రీలని తెర మీద చూపించడం మొదలెట్టాకగానీ గురువులు పాత పాఠం వదల్లేదు. వదలని వాళ్లు ఇంకా కొందరున్నారు.

ఎడమకు తిరిగి నిలబడితే వంపు ఎందుకు పెరుగుతుందో ఇప్పుడు తేలిగ్గా తెలుస్తుంది. పాదాలు, భుజాలు ఎడమకు తిరిగితే స్వింగ్ దారి కూడా ఎడమకు తిరుగుతుంది. కళ్లు మాత్రం జెండానే చూస్తుంటాయి. చేతులు కళ్ల మాట విని ఫేస్‌ను జెండా వైపే ఉంచుతాయి. ఎడం ఇంకా పెరిగింది, ఇరుసు ఇంకా ఒరిగింది, బంతి ఇంకా వంగింది. మొత్తం ఒంటితో పాటు ఫేస్‌ను కూడా అంతే కొలతలో ఎడమకు తిప్పితే వేరు సంగతి. అప్పుడు వంపు మారదు, కాకపోతే ఎడమ నుంచి మొదలై ఫెయిర్‌వే మధ్యకొచ్చి పడుతుంది. చాలామంది పాదాలు తిప్పుతారు, ఫేస్ తిప్పడం మరిచిపోతారు.

బంతిని చదవడం

రాడార్ యంత్రం లేకపోయినా ఫర్వాలేదు. బంతే రెండు విషయాలు చెబుతుంది. బయల్దేరిన దిక్కు చూస్తే ఫేస్ ఎటుందో తెలుస్తుంది. తిరిగిన వైపు చూస్తే, దారి ఫేస్‌కు ఏ పక్కనుందో తెలుస్తుంది. మొదటి యాభై గజాలు గమనించే ఓపిక ఉండాలి. మనవాళ్లు బంతి ఎక్కడ పడిందో చూస్తారు తప్ప ఎటు బయల్దేరిందో చూడరు. మంచి క్యాడీ అదే ముందు చూస్తాడు.

ఉదాహరణకు ఇద్దరు మిత్రులు ఒకే చెట్టు కింద బంతి వెతుక్కుంటున్నారనుకుందాం. ఒకరి బంతి ఎడమకు బయల్దేరి పెద్ద వంపు తీసుకుని కుడికొచ్చింది. రెండో ఆయనది మొదటి నుంచీ కుడికే బయల్దేరి ఇంకా కుడికి తిరిగింది. ఇద్దరూ ‘నాకు స్లైస్’ అంటారు, ఇద్దరికీ ‘ఫేస్ మూయండి’ అన్న సలహా దొరుకుతుంది. మొదటాయన ఫేస్ ఇప్పటికే గురికి ఎడమగా మూసుకునే ఉంది. దారి అంతకంటే ఎడమకు కోసుకుపోతోంది. ఆయన ఫేస్‌ను ఇంకా మూస్తే బంతి ఎడమ చెట్లలోకి తిన్నగా పోతుంది. రెండో ఆయనకు మాత్రం ఫేస్ నిజంగానే బార్లా తెరుచుకుని ఉంది. ఒకే జబ్బు పేరుతో ఇద్దరు రోగులు, రెండు రకాల మందు. వంపు లేకుండా తిన్నగా కుడికి పోతే అది పుష్, తిన్నగా ఎడమకు పోతే పుల్. ఆ రెండింటిలో ఫేస్, దారి ఒక్కమాట మీదే ఉన్నాయి, గురే తప్పు. వాటికి స్లైస్ మందు వేసుకుంటే ఉన్న ఆరోగ్యం పోతుంది.

ఇంకో ఫిర్యాదు అందరి నోటా వినిపిస్తుంది: ‘నైన్ ఐరన్ తిన్నగానే పోతుంది, డ్రైవరే నాకు పడదు.’ పాపం డ్రైవర్‌ది తప్పేం లేదు. ఫేస్‌కూ దారికీ ఎడం రెండు క్లబ్బుల్లోనూ ఒకటే అయినా, ఫేస్ వాలు ఎక్కువున్న క్లబ్ దాన్ని కప్పిపుచ్చుతుంది. ఎడం 5 డిగ్రీలనుకోండి. నైన్ ఐరన్ బంతిని విపరీతంగా వెనక్కి తిప్పుతుంది కాబట్టి ఇరుసు ఆరేడు డిగ్రీలు ఒరిగితే ఎక్కువ. డ్రైవర్ వాలు పది, పన్నెండు డిగ్రీలకు మించదు, వెనుదిరుగుడు తక్కువ. అదే 5 డిగ్రీల ఎడం అక్కడ ఇరుసును ఇరవై డిగ్రీల దగ్గరిదాకా ఒరగదోస్తుంది. పైగా ఎక్కువ దూరం, ఎక్కువసేపు గాలిలో ఉంటుంది. 250 గజాల దూరంలో దిక్కు ఒక్క డిగ్రీ తప్పినా నాలుగు గజాలు పక్కకు పడుతుంది, వంపు లెక్క దానికి అదనం. అంటే నైన్ ఐరన్‌తో కూడా స్లైసే కొడుతున్నారు, కాకపోతే కనబడట్లేదు.

ఎదురుగాలి కూడా ఇలాగే గుట్టు బయటపెడుతుంది. గాలికి ఎదురెళ్లే బంతి మీద గాలి వేగం పెరిగి పక్క తోపు కూడా పెరుగుతుంది. విశాఖ ఈస్ట్ పాయింట్ గోల్ఫ్ క్లబ్‌లో సముద్రం మీది నుంచి గాలి లేచిన పూట మామూలు ఫేడ్ స్లైస్ అయిపోతుంది. అప్పుడు గాలిని కొట్టేయాలని ఇంకా గట్టిగా బాదడం ఇంకో పొరపాటు. గట్టిగా కొడితే తిరుగుడు కూడా పెరుగుతుంది.

బంతి ఫేస్‌కు సరిగ్గా నడుమ తగలకపోతే ఇంకో మెలిక ఉంది. ఫేస్ కొసన తగిలితే తల వెనక్కి తిరుగుతుంది, పళ్లచక్రాల మాదిరిగా బంతి దానికి ఎదురు దిశలో తిరిగి ఎడమకు వంగుతుంది. కర్రకు దగ్గరగా మడమ వైపు తగిలితే కుడికి. డ్రైవర్ ఫేస్ చదునుగా కాకుండా కాస్త ఉబ్బెత్తుగా ఉండేది ఈ వంపును సర్దడానికే. ఫేస్, దారి రెండూ బాగున్నా స్లైస్ వస్తోందంటే మడమ తగులుతోందేమో చూసుకోవాలి. పాదాలకు వాడే పౌడర్ స్ప్రే ఫేస్ మీద కొట్టి నాలుగు బంతులు ఆడితే మచ్చ ఎక్కడ పడిందో కనిపిస్తుంది. ఇంతకంటే చవకైన పరీక్ష గోల్ఫ్‌లో లేదు.

క్రికెట్ చేతులు

మన దగ్గర గోల్ఫ్‌కు వచ్చేవాళ్లలో సగం పైగా క్రికెట్ ఆడి వచ్చినవాళ్లేనని నా అంచనా. బ్యాట్ పట్టిన చేతులకు గోల్ఫ్ క్లబ్ ఒక చిన్న మోసం చేస్తుంది. బ్యాట్ బరువంతా పిడికి తిన్నగా కింద ఉంటుంది. స్ట్రెయిట్ డ్రైవ్‌లో బ్యాట్ ముఖాన్ని బౌలర్ వైపు ఎంతసేపు నిలిపితే అంత అందం. గోల్ఫ్ క్లబ్ తల కర్రకు ఒక పక్కకు అతికించి ఉంటుంది. వెనక్కి ఎత్తేటప్పుడు ఆ తల తనంత తానే తెరుచుకుంటుంది. దిగేటప్పుడు ముంజేతులు తిరిగి దాన్ని మూయాలి. క్రికెట్ పద్ధతిలో ముఖాన్ని అలాగే పట్టి నిలపాలని చూస్తే అది తెరుచుకునే బంతి దగ్గరికొస్తుంది. బంతి రెండుసార్లు కుడికి పోయాక శరీరం తనకు తెలిసిన వైద్యం మొదలెడుతుంది. కుడి భుజాన్ని ముందుకు విసిరి క్లబ్‌ను బయటి నుంచి లోపలికి, ఎడమకు లాగుతుంది. దీన్నే కోచ్‌లు ‘ఓవర్ ద టాప్’ అంటారు.

గురువుల్లో రెండు వర్గాలు ఇక్కడే విడిపోతాయి. ముందు దారి దిద్దాలని ఒకరు, ముందు ఫేస్ దిద్దాలని ఇంకొకరు. నాకు రెండో మాటే సబబనిపిస్తుంది. ఎడమకు కోసే దారి చాలాసార్లు తెరిచిన ఫేస్‌కు శరీరం ఇచ్చుకున్న జవాబు. ఫేస్ తెరుచుకునే ఉండగా దారి ఒక్కటే సరిచేస్తే బంతి తిన్నగా కుడివైపు గోడ దాటుతుంది. రెండు బంతులు అలా పోగొట్టుకున్నవాడు మూడో బంతికి పాత స్వింగ్‌కు తిరిగొస్తాడు.

హోగన్ భయం, తీగల వంపు

స్లైస్ గురించే ఇంతసేపు మాట్లాడాం. హుక్ అంతకంటే పొగరుబోతు. తక్కువ ఎత్తులో దూసుకుపోయి, నేల తాకాక కూడా ఆగకుండా దొర్లుతుంది. ఫేడ్‌తో మాట్లాడొచ్చు, హుక్ మాత్రం మాట వినదని లీ ట్రెవినో అన్నట్టు చెప్పే మాట గోల్ఫ్ లోకంలో సామెతైపోయింది. బెన్ హోగన్ తొలి రోజుల్లో ఆయన్ను దివాలా అంచుకు తెచ్చింది ఈ హుక్కే. ఆయన ఎడమచేతి పట్టును ఎడమకు తిప్పి బలహీనం చేసుకుని, ఫేస్ మూసుకోకుండా కట్టడి చేసి, హుక్‌ను ఫేడ్‌గా మార్చుకున్నాడు. 1949లో బస్సు ఢీకొని చావు దాకా వెళ్లినవాడు 1950లో మెరియన్‌లో యూఎస్ ఓపెన్ గెలిచాడు. 1957లో వచ్చిన ఆయన ‘ఫైవ్ లెసన్స్’ ఇప్పటికీ గోల్ఫర్ల ఇంట్లో కనిపిస్తుంది. చిక్కేమిటంటే అది హుక్ భయంతో బతికినవాడు చెప్పిన పట్టు. స్లైస్ కొట్టేవాడు ఆ బొమ్మలు చూసి పట్టు మార్చుకుంటే రోగం ముదురుతుంది. గొప్పవాడి మందు కదా అని ఇంకొకరి చీటీ తీసుకుని మందుల షాపుకు వెళ్లకూడదు.

హోగనే కాదు, 18 మేజర్లు గెలిచిన జాక్ నిక్లాస్ కూడా ఎక్కువగా ఫేడ్‌నే నమ్ముకున్నాడు. తిన్నగా పోయే బంతిని ఇంత పెద్దవాళ్లు కోరుకోకపోవడానికి లెక్క ఉంది. బంతి ఎప్పుడూ ఒకే వైపు తిరుగుతుందని తెలిస్తే ఫెయిర్‌వే ఎడమ అంచుకు గురిపెట్టి మొత్తం వెడల్పును వాడుకోవచ్చు. రెండు వైపులా పోయే అవకాశమున్న తిన్నటి బంతికి సగం వెడల్పే మిగులుతుంది.

మన తెలుగు మూలాలున్న సాహిత్ తీగల వంపుతో ఆడడానికి సజీవ ఉదాహరణ. తల్లిదండ్రులు హైదరాబాద్ నుంచి వెళ్లినవాళ్లు, అతను కాలిఫోర్నియాలో పుట్టి పెరిగాడు. చిన్నప్పుడే వెన్నెముక పక్కకు వంగే స్కోలియోసిస్ ఉందని తేలింది. పుస్తకంలో బొమ్మలాంటి స్వింగ్ అతనిది కాదు. బంతిని కావలసినంత వంచి ఆడడమే అతని శైలి. కాలేజీ రోజుల్లో 2020లో బెన్ హోగన్ అవార్డు అందుకున్నాడు, 2023 సెప్టెంబరులో నాపాలో ఫార్టినెట్ ఛాంపియన్‌షిప్‌తో పీజీఏ టూర్‌లో తొలి విజయం సాధించాడు, 2024లో అమెరికా తరఫున ప్రెసిడెంట్స్ కప్ ఆడాడు. విశాఖలో పుట్టి చిన్నతనంలోనే కెనడా వెళ్లిన సుదర్శన్ యల్లమరాజు కథ ఇంకో రకం. యూట్యూబ్ వీడియోలు చూస్తూ స్వింగ్ నేర్చుకున్నవాడు 2025 జనవరిలో బహామాస్‌లో కార్న్ ఫెర్రీ టూర్ టోర్నీ గెలిచాడు.

వంపు కావాలనే కొట్టినప్పుడు ఎలా ఉంటుందో చూడాలంటే 2012 మాస్టర్స్ ప్లేఆఫ్ చాలు. ఎడమచేతి వాటం బుబ్బా వాట్సన్ పదో హోల్‌లో కుడివైపు చెట్ల మధ్య చిక్కాడు. గ్రీన్ కనబడదు. గ్యాప్ వెడ్జ్‌తో, అంటే వంచడానికి చాలా కష్టమైన వాలున్న క్లబ్‌తో, బంతిని నలభై గజాల మేర హుక్ చేసి గ్రీన్ మీదికి తెచ్చాడు. లూయీ ఊస్టాయిజన్ మీద ఆ హోల్‌తోనే టైటిల్ దక్కింది.

డబ్బుతో పోయేనా?

స్లైస్ పోదు, కాస్త తగ్గుతుంది. మడమ వైపు బరువు పెట్టిన ‘డ్రా’ డ్రైవర్లు ఫేస్ మూసుకోవడానికి కొంత సాయం చేస్తాయి. 9 డిగ్రీల డ్రైవర్ కంటే 12 డిగ్రీలది కొత్తవాళ్లకు మేలు. ఎందుకో నైన్ ఐరన్ లెక్కలోనే ఉంది. 1970లలో అమెరికాలో పొలారా అని ఒక బంతి వచ్చింది. గుంటలను అన్ని వైపులా ఒకేలా కాకుండా నడుము చుట్టూ ఒక తీరుగా, మిగతాచోట ఇంకో తీరుగా వేసి, వంపు దానంతటదే తగ్గేలా చేశారు. అమెరికా గోల్ఫ్ సంఘం యూఎస్‌జీఏ బంతి అన్ని వైపులా ఒకేలా ఎగరాలని 1981లో నిబంధన తెచ్చి దాన్ని ఆట నుంచి వెలివేసింది. కోర్టులో దావా నడిచి, చివరకు సంఘం డబ్బు చెల్లించి రాజీ చేసుకుంది. నిబంధన మాత్రం అలాగే ఉంది.

ఆట మధ్యలో స్లైస్ మొదలైతే స్వింగ్ బాగుచేయాలని చూడకండి. అది రేంజ్‌లో చేసే పని. టీ బాక్స్‌లో కుడి అంచున బంతి పెట్టి, ఫేస్‌తో సహా ఎడమకు గురిపెట్టండి. డ్రైవర్ లోపల పెట్టి త్రీ వుడ్ తీయండి. హైదరాబాద్ నయా ఖిల్లా గోల్ఫ్ కోర్సు లాంటి చోట గోడ దాటిందేమోనని అనుమానముంటే ప్రొవిజనల్ బంతి కొట్టి కదలండి. వెతకడానికి మూడు నిమిషాలే గడువు, హద్దు దాటితే ఒక పెనాల్టీ స్ట్రోక్ వేసుకుని మళ్లీ మొదటికే రావాలి.

రేంజ్‌లో మొదట చూడాల్సింది ఎడమచేయి. క్లబ్‌ను అరచేతిలో కాకుండా వేళ్ల మొదళ్లలో పట్టుకోవాలి. పైనుంచి చూస్తే రెండు, మూడు కణుపులు కనిపించాలి. ఒక్కటే కనిపిస్తోందంటే స్లైస్ సగం అక్కడే ఉంది. బొటనవేలికీ చూపుడువేలికీ మధ్య గీత రెండు చేతుల్లోనూ కుడి భుజం వైపు చూపాలి. పట్టు బిగిస్తే ముంజేతులు తిరగవు. తర్వాత బంతి చోటు. అది ఎడమ మడమకు లోపలి అంచున ఉండాలి. ఇంకా ముందుకు పెడితే దాన్ని అందుకోవడానికి భుజాలు తెరుచుకుంటాయి, క్లబ్ అప్పటికే ఎడమకు తిరిగిపోతుంది. టీ ఎత్తు బంతిలో సగం డ్రైవర్ తల పైన కనిపించేంత. ఇవి కుదిరాక దారి సంగతి. బంతికి అవతల, కొంచెం వెనగ్గా డ్రైవర్ తొడుగును నేలమీద పెట్టి కొట్టండి. పాత దారిలో వస్తే క్లబ్ ముందు దాన్ని ఎగరగొడుతుంది. సగం వేగంతో చాలు. ఫోన్‌ను వెనకాల, చేతుల ఎత్తున నిలబెట్టి స్లో మోషన్‌లో తీసుకుంటే క్లబ్ బయటినుంచి దిగుతోందో లోపలినుంచి దిగుతోందో తెలిసిపోతుంది.

ఒక హెచ్చరిక. పట్టు మార్చిన మొదటి రోజు బంతులు ఎడమకు పోతాయి, కొన్ని బాగా ఎడమకు. ఫేస్ మూసుకుంది కానీ దారి ఇంకా పాతదే కదా. పక్క మ్యాట్ మీది మిత్రుడు నవ్వుతాడు. చాలామంది సరిగ్గా ఇక్కడే భయపడి పాత పట్టుకు వెళ్లిపోతారు. బంతి ఎడమకు పోతోందని నాలుగు రోజులు చూశాక శరీరం ఎడమకు లాగడం తనంత తానే మానుకుంటుంది, దారి కుడికి జరుగుతుంది. అప్పటిదాకా ఎడమ రఫ్‌లో వెతుక్కోవడం తప్పదు. ఆ రోజుల్లో బాగా గీతలు పడ్డ పాత బంతులే వాడండి, పందేలు మాత్రం కాయకండి.